మా లాను, మీ అక్కయ్య

నూజివీడు,
22-7-1961.

చిరంజీవి భాస్కరరావుకి,

వీరభద్రరావు ఆశీస్సులు. ఇక్కడ క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆచారం. అక్కడ మీరు క్షేమంగానే ఉంటారు, సందేహం లేదు. మా ఇంటి మనిషి వండి పెడుతోందిగా! ఇక్కడ మాత్రం ఏమీ క్షేమం కాదు.

నీ మనవడి బారసాలకని చెప్పి మీ అక్కయ్య చింతలపూడి బస్సెక్కింది. బారసాల అయింది. పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే వాడు మెడ తిప్పి చూసే రోజులు కూడా దగ్గరకొచ్చాయి. మీ అక్కయ్య మాత్రం రాలేదు. ఆషాఢమని పుట్టింట్లో ఉంచేశావా ఏమిటి? మా పెళ్ళినాటికి నీకు లాగూ కట్టుకోవడం రాదు. ఈ వయసులో మాకు ఆషాఢమేమిటయ్యా?

ఎందుకు రాలేదు బావగారూ అని నువ్వే అడుగుతావు. చెబుతాను. వానపాముల వల్ల.

నవ్వకు. మొదటినుంచీ చెబితే గాని నీకు అర్థం కాదు. పోయినేడు మామిడికాయల లెక్కలు తేల్చుకోవడానికి మద్రాసు వెళ్ళినప్పుడు అక్కడి ఏజెంటు నన్ను ఒక బంగళాకి తీసుకుపోయాడు. ముందంతా పచ్చిక. మధ్యలో పేము కుర్చీలు. చెప్పులు విడిచి అందులో కాలు పెట్టాను. అరవై ఏళ్ళుగా మామిడితోటల్లో తిరిగిన కాళ్ళివి, ముళ్ళూ రాళ్ళూ తప్ప ఇంకోటి ఎరగవు. ఆ పూటే అనుకున్నాను, నూజివీడులో నా ఇంటి ముందు ఒక లాను ఉండాలని. నేను బడికి పోయింది నాలుగో క్లాసు దాకా. తరువాతి ఇంగ్లీషంతా మామిడి బుట్టలకి అంటించే రైలు పార్సిలు చీటీల మీద నేర్చుకున్నదే. 'పెరిషబుల్' అన్న మాట నాకు వచ్చినంత బాగా ఈ తాలూకాలో ఏ బి.ఏ.కీ రాదు. ఆ ఇంగ్లీషుతోనే మూర్ మార్కెట్లో ఒక పాత తోటపని పుస్తకం కొని, చెన్నపట్నం నుంచి ఇంటిదాకా రైల్లో చదువుకుంటూ వచ్చాను. దోసకాయలమ్మే వాడొకడు పక్కన కూర్చుని, ఏం పుస్తకమండీ అన్నాడు. గడ్డి గురించి అన్నాను. ఆవు ఎన్ని శేర్లిస్తుందండీ అన్నాడు. ఈ దేశం బాగుపడుతుందంటావా?

సరే. మన ముందువాకిలి ఖాళీగానే పడి ఉంది కదా. బాగుచేయించి, బెంగుళూరు నుంచి గడ్డి తెప్పించి, రాతి రోలరు లాగించాను. వేసవి దాటేసరికి తివాచీ పరిచినట్టు వచ్చింది. అప్పుడు తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే పచ్చిక నిండా మట్టి జంతికలు! వానపాములు రాత్రంతా నేల కింద మట్టి తిని, పైకొచ్చి చుట్టలు చుట్టి పెట్టిపోయాయి. ఊడిస్తే బంకలా అంటుకుంటుంది. తొక్కితే జారుతుంది. నా ఇంటి ముందు, నా గడ్డి మీద, నన్నడక్కుండా!

ఆ వారంలోనే రోడ్ల ఇంజనీరు జగన్మోహనరావుగారు, ఆయన భార్య ఉమగారు మా లాను చూడటానికొచ్చారు. ఆవిడ పట్టుచీర అంచు ఆ బంకలో పడింది. ఆ కంగారులో నేను మాటవరసకి ఏదో ఒక ముక్క అన్నాను. ఏమన్నానో నాకే గుర్తు లేదు. మీ అక్కయ్య దానికి ముఖం మాడ్చుకుని, ఆ పైవారం బస్సెక్కింది.

సున్నపునీళ్ళు పోశాను. మైలుతుత్తం చల్లాను. ఒక పక్క చస్తే ఇంకో పక్క లేస్తున్నాయి. పుస్తకంలో 'మౌరా మీల్' అని ఒక మందు రాశాడు. మద్రాసు విత్తనాల కంపెనీకి ఉత్తరం రాస్తే పాత స్టాకులో లండన్ డబ్బా ఒకటి మిగిలిందన్నారు. వి.పి.పి.లో పంపమన్నాను, డబ్బు పోస్టుమానుకే కడతాను.

మీ అక్కయ్యని బుధవారం బస్సెక్కించు. చెల్లెమ్మ హైమవతికి దీవెనలు.

ఇట్లు,
వీరభద్రరావు

* * *

చింతలపూడి,
30-7-1961.

పూజ్యులైన బావగారికి భాస్కరరావు నమస్కారాలు.

మీ ఉత్తరం అక్కయ్య చేతికిచ్చాను. "నా పేరు మీద వచ్చిందా? లేదుగా. ఎవరికి రాశారో వాళ్ళే చదువుకోండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందుకని నేను వసారాలో కూర్చుని గట్టిగా చదివాను. తను లోపల విననట్టు కూర్చుని వింది. 'ఏమన్నానో నాకే గుర్తు లేదు' అన్నచోట పప్పుగుత్తి చప్పుడు ఆగిపోయింది.

పెద్దవారు, మీకు ఎదురు చెప్పకూడదు. కానీ మీకు గుర్తు లేదు గనక నేను రాయాల్సొస్తోంది. ఇంజనీరుగారి భార్య ముందు, కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మా అక్కయ్య ముందు మీరన్నది ఇది: "అంతా మా ఆవిడ చలవేనండీ! నలభై ఏళ్ళుగా కుడితినీళ్ళూ కూరల తొక్కలూ పోసి పోసి నేలంతా పురుగుల పుట్ట చేసి పెట్టింది." మా అక్కయ్య దాన్ని మాకు ఒక్కసారే చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

ఇంకొకటి. ముందువాకిలి ఖాళీగా పడి ఉందని రాశారు. ఖాళీగా ఉందా బావగారూ? మీ ఇంటికొచ్చినప్పుడల్లా మేము తిన్న దొండకాయ వేపుడు ఎక్కడిది? ఆ బచ్చలి తీగ, ఆ కనకాంబరాల మడి ఎక్కడివి? మా హైమవతి ఆ కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చుకునేది. అక్కయ్య ఎవరిదో పెళ్ళికని ద్వారకాతిరుమల వెళ్ళొచ్చేలోపు మీరవన్నీ పీకించారట కదా. ఆ సంగతి మీ ఉత్తరంలో రాలేదు.

గడ్డి సంగతి కూడా అడిగింది. మీ బెంగుళూరు గడ్డి గరికేనట. మామిడితోటల్లో కూలీలను పెట్టి పీకించేదాన్ని రైల్లో తెప్పించి నాటించారని తనే అంది, నేను కాదు.

ఇది అక్కయ్య పుట్టిల్లు. ఎన్నాళ్ళు ఉంటానంటే అన్నాళ్ళు ఉంటుంది. బుధవారం బస్సు సంగతి నా చేతుల్లో లేదు.

ఇట్లు,
భాస్కరరావు

* * *

నూజివీడు,
27-8-1961.

చిరంజీవి భాస్కరరావుకి,

నువ్వు మీ నాన్న నూనె గానుగ పట్టుకుని కూర్చుని తప్పు చేశావు. ప్లీడరువి కావలసింది. ఏలూరు కోర్టులో నిలబెడితే జడ్జీకి చెమట పట్టును.

ఖాళీ అన్నానట! ఒక పందిరి, ఒక తీగ, నాలుగు పూలమొక్కలు ఉంటే ఆ వాకిలిని నిండుగా ఉందంటారా? కచేరీలో సర్వే చేయించినా ఖాళీ అనే రాస్తారు. కూరగాయలు బజారులో బస్తాలకొద్దీ దొరుకుతాయి. లాను దొరుకుతుందా? ఇక ఆ మాట. అన్నాననే అనుకో. అందులో అబద్ధమేముంది? పక్కింటి వాకిట్లో తవ్వి చూశాను, పలుగు దిగదు, ఒక్క పురుగు లేదు. మా వాకిట్లోనే ఈ సంత ఎందుకు? కుడితినీళ్ళు తాగి బలిశాయి. ఉన్నమాట అంటే ఉలుకెందుకు?

అది అలా ఉంచు. డబ్బా వచ్చింది! మూత మీద ఒక తెల్లవాడి ఇల్లు, దాని ముందు పచ్చిక, ఆ పచ్చిక మీద కుక్క. లోపల గోధుమరంగు పిండి. చదివిన ప్రకారం మొన్న శుక్రవారం తెల్లవారగట్ల చల్లి, బుచ్చయ్య చేత బిందెలతో నీళ్ళు కొట్టించాను. వాడు మా తోటపని చూసే మనిషి, నాతోపాటు వాడికీ ఈ లాను మీద ప్రాణం. కొంచెంసేపు ఏమీ లేదు. తరువాత గడ్డి కదిలింది. భాస్కరరావూ, మరిగే నీళ్ళలో సేమ్యా లేచినట్టు లేచాయయ్యా! ఎర్రవి, నల్లవి, సన్నవి, వేలెడు లావువి. మెలికలు తిరుగుతూ, ఒకదానిమీద ఒకటి. గెలిచానని చేతులు కట్టుకుని అరుగు మీద నిలబడ్డాను గానీ, నీతో చెప్పడానికేం, కాసేపటికి లోపలికొచ్చేశాను. ఇక పాయసం ముట్టను.

ఊళ్ళో కాకులన్నీ వచ్చాయి. సందులో కోళ్ళు వచ్చాయి. బుచ్చయ్య తట్టలతో ఎత్తి దూరంగా పారబోశాడు. మిగిలినవి మధ్యాహ్నానికి వాసనేశాయి. పక్కింటి జ్ఞానప్రసూనాంబగారు గుడి పూజారి భార్య, మడికట్టుకుని కిటికీలోంచి తొంగి చూసి ఏమన్నదో తెలుసా? "శ్రావణ శుక్రవారం పూట ఏంటండీ ఈ పాపం? అన్నపూర్ణమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేదా?" అని కిటికీ తలుపు ధడాలున వేసుకుంది. అందరికీ మీ అక్కయ్యే! నా ఇంట్లో నేను పురుగుల్ని చంపుకోవడానికి కూడా మీ అక్కయ్య సెలవు కావాలి!

ఏమైనా, ఇవాళ పొద్దున ఒక్క జంతిక లేదు. లాను అద్దంలా ఉంది. డబ్బా అంతా చల్లగా అడుగున మిగిలిన లండన్ మందు చిటికెడు పొట్లం కట్టి ఇందులో పెడుతున్నాను. చూసి తెలివి తెచ్చుకో. ఇక ఆవిడ రావడానికి అడ్డేమిటి? గొడవంతా వానపాములదే కదా. అవి పోయాయి.

ఇట్లు,
వీరభద్రరావు

* * *

చింతలపూడి,
10-9-1961.

పూజ్యులైన బావగారికి,

మీ పొట్లం నేను వసారాలో విప్పాను. అక్కయ్య వంటింట్లోంచే అడిగింది.

"ఏంట్రా అది, గానుగలో సరుకు ఇంట్లోకి తెచ్చావు?"

"గానుగలోది కాదక్కా. బావగారు పంపిన లండన్ మందు."

తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. వాసన చూసింది. చిటికెడు తీసి అరచేతిలో నీళ్ళు వేసుకుని రుద్దింది. నురగ లేచింది.

"ఇప్పపిండి" అంది.

నేను నమ్మక గానుగ దగ్గరికి పరిగెత్తి మన పిండి తెచ్చి పక్కన పెట్టాను. అదే రంగు, అదే చేదువాసన. ఇప్పగింజలు గానుగాడించి నూనె తీశాక మిగిలే పిండి. మన్యం నుంచి గింజలు తెచ్చి ఇక్కడ మేము ఆడించేది అదే. మా పెరటిగోడకి ఆనించి గుట్టగా పోసి ఉంటుంది. ఏట్లో చేపలు తేలడానికి చల్లుతారని చవగ్గా పట్టుకుపోతారు. మీ పెళ్ళికి మీరు విడిది దిగింది ఆ గుట్ట పక్క గదిలోనే! ఆ గింజలే ఓడెక్కి లండన్ పోయి, తెల్లవాడి డబ్బాలో పడి, మళ్ళీ ఓడెక్కి మద్రాసొచ్చి, వి.పి.పి.లో నూజివీడు చేరాయి. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే బండెడు పంపేవాణ్ణి.

అక్కయ్య నవ్వింది. వచ్చాక నవ్వడం ఇదే మొదటిసారి. గుంజ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. హైమవతి, నేను, మనవడితో సహా అందరం నవ్వాం. అయిపోయిందిలే, ఇక బయల్దేరుతుంది అనుకున్నాను.

అప్పుడడిగింది, "డబ్బా మొత్తం చల్లారటా?" అని. మొత్తమేనన్నాను. చేతిలో నురగ కడుక్కుని, "నేల చచ్చిపోతుందిరా. పెరుగు తోడుకోవడానికి ఎలా చేమిరి కావాలో నేలకి అవి అలా కావాలి. ఎన్నేళ్ళు పట్టిందో నాకు" అంది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం నేనే కదిపాను. దానికి తను చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఎవరొచ్చి ఎవర్ని రమ్మంటున్నారు? ఆయన నీకు రాస్తున్నారు. నువ్వెళ్ళు. నన్ను రమ్మనేవాళ్ళు నాకు రాయాలి."

ఇట్లు,
భాస్కరరావు

* * *

నూజివీడు,
15-10-1961.

చిరంజీవి భాస్కరరావుకి,

ఇప్పపిండి సంగతి ఊళ్ళో ఎవరికైనా చెప్పావంటే మన బంధుత్వం ఇంతటితో సరి. ఆ మద్రాసు కంపెనీని రెండు పేజీల్లో కడిగేశాను. 'పాత స్టాకు' అని జవాబొచ్చింది. ఎవరికి చెప్పుకోను?

ఇక మీ అక్కయ్య షరతు. నేను ఆవిడకి ఉత్తరం రాయాలా? మా నాన్న మా అమ్మకి రాశాడా? మీ నాన్న మీ అమ్మకి రాశాడా? పెళ్ళాం పుట్టింటికి పోతే బావమరిదికి రాయడం మన ఇళ్ళల్లో పద్ధతి. అందులోనే అన్నీ ఉంటాయి. చదివేవాళ్ళు చదువుకుంటారు, వినేవాళ్ళు వంటింట్లోంచి వింటారు. పోనీ, రాస్తాననే అనుకో. ఏమని మొదలుపెట్టను? ఇన్నేళ్ళలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచిందెప్పుడు? 'ఇదిగో' అంటే వచ్చేది. ఉత్తరం మీద 'ఇదిగో' అని రాస్తే పోస్టుమాను ఎవరికిస్తాడు?

నా ఒంటరి బతుకు చూసి ఊరంతా జాలిపడుతోంది. అది నాకు మహా చిరాకు. హోటలువాడు భోజనం క్యారియరు పంపుతూ, అమ్మగారెప్పుడొస్తారండీ అని రోజూ అడుగుతాడు. రేపు అంటాను. ఆ 'రేపు' విని విని ఇప్పుడు వాడే, రేపేనా అండీ అంటున్నాడు.

లాను గురించి అడగలేదు గానీ చెబుతాను. పోయినవారం వాన పడితే నీళ్ళు దిగలేదు. ఎక్కడివక్కడ నిలబడ్డాయి. మూడు పూటలైనా అలాగే ఉన్నాయి. వెనకటి వాకిట్లో ఎంత వాన పడ్డా గంటలో పీల్చుకునేది, ఇది పళ్ళెంలో పోసినట్టు ఉంది. కప్పలు చేరాయి. రాతి రోలరు మళ్ళీ లాగిస్తే ఇంకా గట్టిపడింది. గడ్డి పసుపెక్కుతోంది. ఇదంతా తాత్కాలికం. కార్తీకంలో ఇంజనీరుగారి దంపతుల్ని లాను మీద టీకి పిలిచాను. వాళ్ళొచ్చేసరికి సర్దుకుంటుంది. మీ అక్కయ్య కూడా వచ్చేస్తే బాగుంటుంది. ఇంటి ఆడమనిషి లేకుండా టీ ఎలా ఇస్తాను?

నువ్వే ఎలాగో నచ్చజెప్పు.

ఇట్లు,
వీరభద్రరావు

* * *

చింతలపూడి,
24-10-1961.

పూజ్యులైన బావగారికి,

టీ ఇవ్వడానికి మనిషి కావాలని మా అక్కయ్యని పిలుస్తున్నారా? ఆ ముక్క నేను పైకి చదవలేదు. చదివి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. ఇకమీదట మీ ఉత్తరం అక్కయ్య పేరు మీద లేకపోతే విప్పకుండా తిప్పి పంపుతాను. మీ ఇద్దరి మధ్య నేను టపా బంట్రోతునై అలిసిపోయాను.

ఇంకొక్కటే చెప్పాలి. అక్కయ్య మా పెరట్లో గానుగ పక్కన నేల తవ్విస్తోంది. కుడితి పోస్తోంది. నిన్న బచ్చలి నాటింది, బీరవిత్తులు పెట్టింది. హైమవతి సంతోషపడుతోంది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఊరికే వచ్చి ఉన్న మనిషి పాదులు పెట్టుకోదు బావగారూ. బీర కాయడం మొదలుపెట్టిందంటే ఇక ఈ వాకిలే ఆవిడ వాకిలి. తరువాత మీరు తాసిల్దారుని వెంటబెట్టుకొచ్చినా కదలదు.

ఇట్లు,
భాస్కరరావు

* * *

నూజివీడు,
23-11-1961.

అన్నపూర్ణకి,

పై మాట రాయడానికి ఒక పూట పట్టింది. కార్డు మీద రాస్తే చింతలపూడి పోస్టాఫీసంతా చదువుతుందని కవరు కొన్నాను. ఇది భాస్కరరావు చేతికిచ్చి చదివించుకోవద్దు.

నేను పట్టరాని కోపంలో రాస్తున్నాను. నీ మీద కాదు, ఆ ఇంజనీరు మీద.

నిన్న టీకొచ్చారు, మొగుడూ పెళ్ళామూ. లాను ఎలా ఉందో నీకు రాయలేదు. గజ్జికుక్క వీపులా ఉంది. కుర్చీలు వేయించాను. హోటలు నుంచి పకోడీలు తెప్పించాను. జగన్మోహనరావు కూర్చోకుండా అటూ ఇటూ తిరిగి, చేతికర్రతో నేల మీద టకటక కొట్టి, "మీ తప్పేం లేదు రావుగారూ. నేల మంచిది కాదు. ఇక్కడి మట్టిలో సారం ఉండదు. దీన్ని ఎత్తిపోయించండి, రెండు లారీల మట్టి నేను పంపిస్తాను" అన్నాడు.

నేల మంచిది కాదట! ఎవరి నేల గురించి ఎవరు మాట్లాడుతున్నారు? రోడ్లకి కంకర పోయించే మనిషికి మట్టి సంగతేం తెలుసు? నాకు ఒళ్ళు మండిపోయింది. టీ కప్పు బల్ల మీద పెట్టి లేచాను. "నోరు జాగ్రత్తండీ! మా ఆవిడ నలభై ఏళ్ళు కడుగునీళ్ళు పోసి, పేడ వేసి, ఆకూ అలమూ కుళ్ళబెట్టి పెంచిన నేలండీ ఇది! ఇందులో వేలు పెడితే మోచేతి దాకా దిగేది. దొండకాయలు వీధి మొత్తానికి పంచేది. దానికేం రోగం లేదు. చంపింది నేను, డబ్బా మందు పోసి. సారం లేదంటారేంటి!" అని అరిచాను. జ్ఞానప్రసూనాంబగారి కిటికీ తెరుచుకునేంత గట్టిగా అరిచాను. బుచ్చయ్య పకోడీల పళ్ళెం పట్టుకుని రాయిలా నిలబడ్డాడు.

ఆయన మొహం ఎర్రబడింది. టీ ముట్టకుండా గేటు దాకా వెళ్ళిపోయాడు. ఆవిడ, ఉమగారు, ఆగింది. పోయినసారి నేను నిన్నన్న మాట అప్పుడు విన్నది కూడా ఆవిడే కదా. "దొండపాదు ఎక్కడుండేదండీ?" అని మెల్లిగా అడిగింది.

చూపించబోయి చెయ్యి ఎత్తాను. ఇటా? మెట్ల పక్కనా? ఆ మూలనా? ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది అన్నపూర్ణా. లాను కొలతలు అంగుళాలతో సహా చెప్పగలను. నీ పందిరి గుంజ ఎక్కడుండేదో నాకు తెలీదు. నలభై ఏళ్ళు దాని కిందనుంచే వంగి ఇంట్లోకొచ్చాను. వాళ్ళు వెళ్ళాక నేనూ బుచ్చయ్యా చీకటి పడేదాకా వెతికాం. వాడు ఒక చోటంటాడు, నేను ఒక చోటంటాను. ఎక్కడ గుచ్చినా పలుగు దిగలేదు.

నువ్వొచ్చి చూపించాలి. చింతలపూడిలో బీర పూతకొచ్చిందో, కాసిందో నాకు తెలీదు. కాసినా సరే.

రా.

వీరభద్రరావు

* * *

చింతలపూడి,
30-11-1961.

ఏవండీ,

ఉత్తరం అందింది. తమ్ముడికి చూపించలేదు. వాడు వసారాలో నాలుగుసార్లు దగ్గాడు. అయినా చూపించలేదు.

ఇంటికి పిలిచినవాళ్ళని టీ తాగనివ్వకుండా అరిచి పంపించడం ఏం మర్యాద? ఆయనేదో తెలీక అన్నారనుకోండి, ఆ పిల్ల ఉమ ఏం చేసింది? నేనొచ్చాక వాళ్ళని మళ్ళీ పిలవాలి. హోటలు పకోడీలు పెట్టారని చదివి సిగ్గుతో చచ్చాను.

మీరు నన్నన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోతానని కూడా రాయడం లేదు. అది ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేది.

గుంజ ఎక్కడుండేదో రాయను. రాస్తే మీరూ బుచ్చయ్యా కలిసి ఇవాళే ఏదో ఒకటి పాతేస్తారు. నేను చూపించేదాకా అక్కడ పలుగు వేయకండి, నీళ్ళు పోయకండి, పుస్తకం తెరవకండి.

బీర పిందెలు పడ్డాయి. హైమవతి కోసుకుంటుంది.

వచ్చే గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. పెరట్లో మట్టి తడిగోనెలో కట్టి తెస్తున్నాను, వానపాములతో సహా. ఎండ తగిలితే చస్తాయి, కుదిపితే చస్తాయి. అందుకని అది బుచ్చయ్య చేతికి ఇవ్వను. మీరే బస్టాండుకి వచ్చి మోయాలి. బజారు వీధిలోంచి, ఇంజనీరుగారింటి మీదుగా నడుచుకుంటూ వద్దాం. గోనెలో ఏంటండీ అని ఎవరైనా అడిగితే నేను మాట్లాడను. మీరే చెప్పండి.

అన్నపూర్ణ